విదేశీ చదువుల్లో మన పిల్లలకు ఎదురయ్యే వివక్ష, దోపిడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో ఏ పెళ్లికి పోయినా, ఏ దశదినకర్మకు పోయినా ఎవరో ఒకరు పక్కకు పిలిచి ఈ మాటలే అడుగుతారు. పర్కాల, నర్సంపేట, హుజూరాబాద్, జగిత్యాల నుంచి ఫోన్లు వస్తాయి. నేను యూకేలో పీజీ చదివి తిరిగొచ్చినవాణ్ని, వకీలును కాను. పదేళ్లుగా విన్న అనుమానాలను, తెలిసిన జవాబులను ఇక్కడ ఒకచోట పెట్టాను. గంటలు, జీతాల అంకెలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మళ్లీ చూసుకోండి.

## బయలుదేరకముందు

కన్సల్టెన్సీ వాళ్లు "మాకు ఫీజే వద్దు, అంతా ఫ్రీ" అంటున్నరు. నమ్మొచ్చా?

వాళ్లకు డబ్బు మీ దగ్గర నుంచి కాదు, యూనివర్సిటీ నుంచి వస్తుంది. మీరు కట్టే మొదటి ఏడాది ఫీజులో కొంత వాటా కమీషన్‌గా అందుతుంది. అది తప్పేం కాదు. కానీ కమీషన్ ఇచ్చే కాలేజీనే మీకు మంచిదని చెప్పే అవకాశం ఎక్కువ. "మీకు ఏయే యూనివర్సిటీలతో ఒప్పందం ఉంది?" అని సూటిగా అడగండి. దరఖాస్తుకు వాడే ఈమెయిల్, పాస్‌వర్డ్ మీ చేతిలోనే ఉండాలి. ఒరిజినల్ మెమోలు ఎవరికీ ఇవ్వొద్దు. ఉత్తర తెలంగాణలో గల్ఫ్ ఏజెంట్ల మోసం చూడని ఊరు లేదు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పనికి పంపే ఏజెంట్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి. చదువుకు పంపే కన్సల్టెన్సీకి ఆ నిబంధన వర్తించదు. అందుకే ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

బ్యాంకు బ్యాలెన్స్ వాళ్లే చూపిస్తమంటున్నరు. తప్పేముంది, అందరూ చేసేదే కదా?

దరఖాస్తు కింద సంతకం కన్సల్టెన్సీది కాదు, మీ పిల్లవాడిది. తప్పుడు పత్రం పెట్టాడని తేలితే అమెరికాలో జీవితకాలం ప్రవేశం లేకుండా పోవచ్చు. యూకేలో పదేళ్లు, కెనడాలో ఐదేళ్లు, ఆస్ట్రేలియాలో మామూలుగా మూడేళ్లు తలుపు మూసుకుంటుంది. నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. ఆ అబద్ధం తెలిసినవాడి చేతిలో మీ పిల్లవాడి జుట్టు చిక్కుతుంది. తర్వాత వాడు ఇంకో లక్ష అడిగినా నోరెత్తలేరు. దోపిడీ విమానం ఎక్కాక మొదలవుతుందని అనుకుంటాం. చాలాసార్లు అది హన్మకొండ ఆఫీసులోనే మొదలవుతుంది.

ఆ యూనివర్సిటీ అసలుదో ఉత్తుత్తిదో మాకెట్ల తెలుస్తది?

వెబ్‌సైట్ చూసి తెలియదు. 2019 జనవరిలో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీని గుర్తు చేసుకోండి. మిషిగన్‌లో వీసా మోసాలు పట్టడానికి వలగా దాన్ని నడిపింది స్వయంగా అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. 600 మంది దాకా చేరారు, అందులో తెలుగు పిల్లలు చాలామంది. వాళ్లను చేర్పించి డబ్బు తీసుకున్నారని ఎనిమిది మందిపై కేసు పెట్టారు, వాళ్లూ భారతీయ మూలాలున్నవాళ్లే. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టిన సంగతి ఆ తరం తల్లిదండ్రులు మరిచిపోలేదు. దాన్ని నడిపినామెకు 2014లో 16 ఏళ్ల జైలుశిక్ష పడింది.

విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న కాలేజీలకు ఏ దేశానికి ఆ దేశం జాబితా ఉంటుంది. అమెరికాకు ఎస్ఈవీపీ గుర్తింపుతో పాటు అక్రిడిటేషన్ (చదువు ప్రమాణాలకు ఇచ్చే గుర్తింపు) కూడా చూడాలి. యూకేకు లైసెన్సు ఉన్న స్టూడెంట్ స్పాన్సర్ల రిజిస్టర్, ఆస్ట్రేలియాకు క్రికాస్, కెనడాకు డీఎల్ఐ జాబితా. కెనడాలో డీఎల్ఐ జాబితాలో ఉన్నంతమాత్రాన చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుందని కాదు, అది విడిగా చూడాలి. "క్లాసులకు పోనక్కర్లేదు, మొదటి రోజు నుంచే ఉద్యోగం" అని ఎవరైనా ఆశ చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎంత అప్పు దాకా పోవచ్చు?

ఇంత అని అంకె చెప్పలేను, లెక్క మాత్రం చెప్తాను. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకు 20,000 వడ్డీకే పోతుంది. పిల్లవాడు ఇంకా క్లాసులో అడుగు పెట్టకముందే ఆ మీటరు తిరగడం మొదలవుతుంది. "పార్ట్‌టైమ్ చేసి కడతాడులే" అనే మాట మీద అప్పు చేయకండి. 2025-26లో యూకేలో 21 ఏళ్లు దాటినవాళ్లకు కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. వారానికి 20 గంటలు నిండుగా దొరికినా 244 పౌండ్లు. పెద్ద నగరంలో అది అద్దెకూ తిండికీ సరిపోవడమే కష్టం. ఇంటి దగ్గర వడ్డీ పెరుగుతుంటే పిల్లవాడు ఏ పని దొరికినా, ఎంత తక్కువ ఇచ్చినా ఒప్పుకుంటాడు. వాణ్ని వాడుకునేవాళ్లకు కావాల్సింది అదే.

బయటి అప్పుకు ముందు బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ అడగండి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. ఎంపికైతే 20 లక్షల దాకా వస్తుంది. చెలక అమ్మకముందు ఈ దరఖాస్తులు పెట్టండి.

## దిగిన కొత్తలో

రూమ్ ఉంది, అడ్వాన్స్ పంపితే తాళాలు పోస్ట్‌లో పంపుతమంటున్నరు. పంపాలా?

వద్దు. ఇది జర్మనీలో బాగా నడిచే మోసం. చూడని ఇంటికి, కలవని మనిషికి డబ్బు పంపకండి. మొదటి కొన్ని వారాలకు యూనివర్సిటీ హాస్టలో, తెలిసినవాళ్ల ఇల్లో చూసుకుని, అక్కడికి పోయాక వెతుక్కోండి. ఇంగ్లండ్‌లో డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దెకు మించకూడదు. ఓనర్ దాన్ని 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ స్కీములో పెట్టాలి. పెట్టకపోతే జరిమానా కోరుతూ కోర్టుకు వెళ్లే హక్కు మీకుంది. దిగిన రోజే గదిలోని గోడలు, పరుపు, బాత్రూమ్ అన్నీ వీడియో తీసి పెట్టుకోండి.

రూమ్‌మేట్స్ "మీరేందోళ్లు?" అని అడుగుతున్నరు. ఇదీ వివక్షేనా?

అవును. సముద్రం దాటాక అందరం ఒకటే అవుతామని అనుకుని వెళ్లిన పిల్లలకు తగిలే మొదటి దెబ్బ చాలాసార్లు తెల్లవాళ్ల నుంచి కాదు, మనవాళ్ల నుంచే తగులుతుంది. ఇంటిపేరు అడగడం, ఊరు అడిగి వాడ అడగడం, "మావాళ్లకే రూమ్" అని వాట్సాప్‌లో పెట్టడం, వంటగదిలో గిన్నెలు విడిగా ఉంచడం, ఇవన్నీ నేను పిల్లల నోట విన్నవే. ఒక అమ్మాయి కులం తెలిసిన వారానికి "మా కజిన్ వస్తోంది, ఖాళీ చెయ్యి" అన్నారట. ఆమె ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న తలదించుకుంటాడని భయపడింది. తలదించుకోవాల్సింది ఆమె తండ్రి కాదు.

కొన్నిచోట్ల చట్టం అండగా ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం ఉద్యోగం, ఇల్లు, బహిరంగ స్థలాల్లో కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022లో తమ వివక్ష నిరోధక నియమాల్లో కులాన్ని చేర్చాయి. కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి తెచ్చిన బిల్లును మాత్రం 2023 అక్టోబర్‌లో గవర్నర్ తిప్పి పంపారు. యూకేలో 2010 ఈక్వాలిటీ చట్టంలో కులం అనే మాట విడిగా అమల్లోకి రాలేదు. అయినా కులం జాతి మూలాల కిందికి రావచ్చని 2014లో అక్కడి అప్పీల్ ట్రిబ్యునల్ చెప్పింది. మీ యూనివర్సిటీ నియమాల్లో కులం అనే మాట ఉందేమో చూడండి. లేకపోయినా పూర్వీకులు, జాతి మూలాల పేరుతో ఫిర్యాదు రాయవచ్చు.

పాస్‌పోర్ట్ "సేఫ్‌గా ఉంటది" అని ఓనర్ తీసుకున్నడు. ఇవ్వట్లేదు.

భారత పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి. దాన్ని పట్టి ఉంచుకునే హక్కు యజమానికీ లేదు, కన్సల్టెన్సీకీ లేదు, మేనమామకూ లేదు. మెసేజ్ ద్వారా రాతపూర్వకంగా ఒకసారి అడగండి. ఇవ్వకపోతే పోలీసులకు, మన కాన్సులేట్‌కు చెప్పండి. పని చేయించుకోవడానికే పాస్‌పోర్ట్ దాచడం మనుషుల అక్రమ రవాణాకు ఆనవాలుగా చాలా దేశాలు చూస్తాయి.

## పనిలో

వారానికి ఎన్ని గంటలు పని చేయొచ్చు?

అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలు. బయట పనికి విడిగా అనుమతి ఉండాలి. యూకేలో డిగ్రీ, పీజీ చదివేవాళ్లకు టర్మ్‌లో 20 గంటలు. ఫుడ్ డెలివరీ లాంటి సొంత లెక్క పని అక్కడ స్టూడెంట్ వీసాకు కుదరదు. కెనడాలో 2024 నవంబర్ నుంచి క్యాంపస్ బయట 24 గంటలు. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు.

క్యాష్ జాబ్ చేస్తే ఏమైతది? అందరూ చేస్తున్నరు కదా.

చేస్తున్నారు, నిజమే. గ్యాస్ స్టేషన్‌లో, ఇండియన్ స్టోర్‌లో, రెస్టారెంట్ వెనక గిన్నెల దగ్గర మన ఎమ్మెస్ పిల్లలు రాత్రిళ్లు నిలబడుతున్నారు. అవసరం లేక ఎవరూ పోరు, అందుకే వాళ్లను తిట్టడానికి నాకు మనసు రాదు. కానీ ఆ పని ఎలా బిగుసుకుంటుందో తెలియాలి. చేతికి డబ్బు ఇచ్చే పనికి కాగితం ఉండదు. కాగితం లేదు కాబట్టి రేటు వాడి ఇష్టం. కనీస వేతనంలో సగం ఇస్తాడు. చెయ్యి కాలినా, నడుము పట్టినా బాధ్యత లేదు. నెల చివర కొంత ఆపుతాడు, మానేస్తే అదీ పోతుందని మీరు ఆగుతారు. అడిగితే "నీ వీసా సంగతి నాకు తెలుసు" అంటాడు.

ఆస్ట్రేలియాలో 2015లో సెవెన్ ఎలెవెన్ దుకాణాల బాగోతం ఇలాగే బయటపడింది. 40 గంటలు చేయించుకుని లెక్కలో 20 రాసేవారు. గంటకు వచ్చేది సగమే. ఫిర్యాదు చేస్తే గంటలు దాటావని నీ మీదే చెప్తామని బెదిరించేవారు. నష్టపోయినవాళ్లలో విదేశీ విద్యార్థులే ఎక్కువ. చివరికి ఆ కంపెనీ పది కోట్ల డాలర్లకు పైగా తిరిగి చెల్లించాల్సి వచ్చింది.

అమెరికాలో అనుమతి లేని పని స్టేటస్‌ను, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే హక్కును, పోగొడుతుంది. ఆ తర్వాత స్టేటస్ తిరిగి తెచ్చుకునే దారి కూడా దాదాపు మూసుకుపోతుంది. క్యాంపస్ లైబ్రరీ, డైనింగ్ హాల్, గ్రేడర్ పనులకు మొదటి వారం నుంచే దరఖాస్తు పెట్టండి.

నెల పని చేయించుకుని "ట్రయల్" అన్నరు, జీతం ఇయ్యలేదు. ఏం చేయాలె?

నాకూ ఇది జరిగింది. లండన్‌లో ఒక హోటల్ వంటగదిలో ఆరు వారాలు చేశాక "నువ్వు ఇంకా నేర్చుకుంటున్నావు" అని చేతులు దులుపుకున్నారు. ఏ రోజు ఎన్ని గంటలు చేశానో నేను రాసుకోలేదు, అదే నేను చేసిన తప్పు. మీరు రోజూ వచ్చిన సమయం, వెళ్లిన సమయం ఫోన్‌లో రాసుకోండి. షిఫ్ట్ మెసేజ్‌లు, యూనిఫాంలో ఫోటో, బస్ టికెట్లు, ఏదైనా సాక్ష్యమే.

ముందు మెసేజ్‌లో రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే యూకేలో ఏకాస్ హెల్ప్‌లైన్, ఆస్ట్రేలియాలో ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్, అమెరికాలో కార్మిక శాఖ వేజ్ అండ్ అవర్ విభాగం ఉన్నాయి. అమెరికాలో చేసిన పనికి కనీస వేతనం ఇవ్వాలన్న చట్టం వీసాతో సంబంధం లేకుండా వర్తిస్తుంది. అయితే అది అనుమతి లేని పని అయితే ఫిర్యాదుకు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయసలహా ఉంటుంది.

"ఇమిగ్రేషన్‌కు ఫోన్ చేస్తా" అని ఓనర్ బెదిరిస్తున్నడు. నిజంగా చేస్తడా?

చేసేవాళ్లు ఉండొచ్చు. కానీ ఫోన్ చేస్తే అక్రమంగా పని చేయించుకున్నది తనేనని కూడా చెప్పుకోవాలి కదా. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి వీసా పేరు చెప్పి కార్మికుణ్ని లొంగదీసుకోవడమే నేరం. ఆ బెదిరింపు మెసేజ్‌గా వస్తే చెరపకండి, స్క్రీన్‌షాట్ ఇంటికి పంపండి. అది మీ చేతిలోకి వచ్చిన సాక్ష్యం.

మావోడు బంధువుల ఇంట్లో ఉంటున్నడు. ఫోన్ వాళ్ల ముందే మాట్లాడుతున్నడు. అనుమానంగా ఉంది.

ఆ అనుమానాన్ని తోసేయకండి. 2023 నవంబర్‌లో అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం సెయింట్ చార్ల్స్ కౌంటీలో ఒక ఇంటి అడుగు అంతస్తు నుంచి చదువుకోవడానికి వెళ్లిన 20 ఏళ్ల భారతీయ అబ్బాయిని పోలీసులు బయటికి తెచ్చారు. నెలల తరబడి బంధించి, కొట్టి, పని చేయించుకున్నారని ముగ్గురిపై కేసు పెట్టారు. వాళ్లలో ఒకరు ఆ అబ్బాయికి బంధువు. చుట్టుపక్కల వ్యక్తి ఒకరు 911కు ఫోన్ చేయడం వల్ల ఆ అబ్బాయి బయటపడ్డాడు.

వీడియో కాల్ చేసి "బయటికి నడుచుకుంటూ మాట్లాడు బిడ్డా" అనండి. ఒక్కడే బయటికి రాలేకపోతే అది పెద్ద సూచన. ముందే ఒక మాట అనుకుని ఉండండి. "అవ్వకు మోకాళ్ల నొప్పి ఎట్లుంది?" అని పిల్లవాడు అడిగితే ఆపదలో ఉన్నట్టు. "బంధువుల పరువు పోతుంది" అని ఆగకండి. ఆ ఊరి పోలీసులకు ఇక్కడి నుంచే ఫోన్ చేసి, అడ్రస్ ఇచ్చి, క్షేమంగా ఉన్నాడో చూసి రమ్మని అడగొచ్చు. యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకు, కాన్సులేట్‌కు అదే రోజు ఈమెయిల్ పెట్టండి. అక్రమ రవాణా బాధితులకు అమెరికాలో టీ వీసా అనే రక్షణ కూడా ఉంది.

పని దగ్గర ఓనర్ అమ్మాయితో తప్పుగా ప్రవర్తిస్తున్నడు. ఇంట్ల చెప్తే చదువు మాన్పిస్తరని భయపడుతున్నది.

అమ్మా, నాన్నా, ముందు మీకు చెప్తున్నాను. "వెనక్కి వచ్చెయ్" అనేది మీ మొదటి మాట కాకూడదు. ఆ ఒక్క భయంతోనే మన అమ్మాయిలు నెలలు నెలలు నోరు విప్పడం లేదు. అమ్మాయికి ఆ షిఫ్ట్ మానే స్వేచ్ఛ కావాలి, అంటే ఆ నెల అద్దె మీరు సర్దాలి. వేధించేది ప్రొఫెసరో, క్యాంపస్‌లో పై అధికారో అయితే అమెరికాలో ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి యూనివర్సిటీలో ఇలాంటి వేధింపుల ఫిర్యాదులు చూసే టైటిల్ నైన్ ఆఫీసు ఉంటుంది. ఫిర్యాదు చేసినందుకు మార్కులు తగ్గించడం, అసిస్టెంట్‌షిప్ తీసేయడం కూడా అక్కడ నియమ ఉల్లంఘనే.

## క్యాంపస్‌లో, వీధిలో

యాస మీద నవ్వుతున్నరు, గ్రూపులో చేర్చుకోరు. దీనికీ ఫిర్యాదు చేయాలా?

ఒకసారి నవ్వితే స్నేహితుడితో పంచుకుని వదిలేయొచ్చు. పదేపదే జరిగితే, మార్కుల మీదో అవకాశాల మీదో పడితే రాసి పెట్టుకోండి: తేదీ, చోటు, అన్న మాట, విన్నవాళ్లు. అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం టైటిల్ సిక్స్ ప్రకారం జాతి, రంగు, దేశమూలం పేరుతో వివక్ష కుదరదు. ఇంగ్లిషు తడబడటం చదువు రాకపోవడం కాదని పిల్లలకు ఇంటి నుంచే చెప్పండి.

బస్‌లో "మీ దేశం పో" అని తిట్టిన్రు. మళ్లీ ఒంటరిగా పోవాలంటే భయం.

అక్కడ ఎదురు మాట్లాడొద్దు. డ్రైవర్ దగ్గరికో, మనుషులున్న చోటికో జరగండి. తర్వాత పోలీసులకు చెప్పేటప్పుడు "జాతి పేరుతో అన్నారు" అనే మాట తప్పకుండా చెప్పండి, కేసు నమోదయ్యే తీరు మారుతుంది. 2009లో మెల్‌బోర్న్‌లో భారతీయ విద్యార్థులపై వరస దాడులు జరిగాయి, ఒక తెలుగు అబ్బాయి కూడా తీవ్రంగా గాయపడ్డాడు. విద్యార్థులు రోడ్డెక్కి ధర్నా చేశాకే రెండు ప్రభుత్వాలూ కదిలాయి. అత్యవసర నంబర్లు: అమెరికా, కెనడా 911, యూకే 999, ఆస్ట్రేలియా 000, జర్మనీ 112.

మన దగ్గర చదివే విదేశీ పిల్లల సంగతి?

ఈ ప్రశ్న ఒకరే అడిగారు, అయినా చేర్చాను. వరంగల్ నిట్‌లో వేరే దేశాల పిల్లలు చదువుతున్నారు. ఆఫ్రికా అబ్బాయి ఆటో ఎక్కితే ఎక్కువ అడగడం, రంగు చూసి రూమ్ లేదనడం, వెంటపడి సెల్ఫీలు తీయడం నేను కళ్లారా చూశాను. మన పిల్లవాడికి అక్కడ జరిగితే ఏడుస్తాం. వాళ్లూ ఎక్కడో ఒక తల్లి పంపిన పిల్లలే.

## చదువు అయ్యాక

ఓపీటీకి "అనుభవం ఉన్నట్టు రెజ్యూమె చేస్తం, ఇంటర్వ్యూ మేమే ఇస్తం" అంటున్నరు.

ఓపీటీ అంటే చదువయ్యాక అమెరికాలో కొంతకాలం పని చేసుకునే అనుమతి. ఎఫ్-1 వాళ్లకు 12 నెలల ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ 90 రోజుల టెన్షన్‌నే ఈ కన్సల్టెన్సీలవాళ్లు సొమ్ము చేసుకుంటారు. ట్రైనింగ్ ఫీజు తీసుకుంటారు, ఒకే గదిలో పదిమందిని పడుకోబెడతారు, ఉద్యోగం వచ్చాక జీతంలో పెద్ద ముక్క తింటారు. మానేస్తే ఇంత కట్టాలని బాండ్ రాయించుకుంటారు. లేని అనుభవం, వేరేవాళ్లు ఇచ్చిన ఇంటర్వ్యూ రేపు హెచ్-1బి దగ్గరో గ్రీన్ కార్డు దగ్గరో బయటపడితే శిక్ష మీ పిల్లవాడిది. బాండ్ మీద సంతకానికి ముందు లాయర్‌కు చూపించండి.

డబ్బు కడితే స్పాన్సర్‌షిప్ ఇస్తమంటున్నరు.

యూకేలో పని వీసాకు కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ అమ్మడం చట్టవిరుద్ధం. కొన్నాక ఆ కంపెనీ లైసెన్సు రద్దయితే డబ్బూ పోతుంది, వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. కట్టకండి.

## ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు

ఎప్పుడు అడిగినా "మంచిగనే ఉన్న బాపూ" అంటడు. అసలు సంగతి ఎట్ల తెలుసుకోవాలె?

"డబ్బులెప్పుడు పంపుతవ్?" అని కాకుండా "ఇయ్యాల ఏం తిన్నవ్, ఎన్ని గంటలు పడుకున్నవ్?" అని అడగండి. పక్కింటి అబ్బాయి కొన్న కారు ముచ్చట తేవద్దు. రూమ్‌మేట్‌ ఇద్దరి నంబర్లు, ఇంటి అడ్రస్, యూనివర్సిటీ ఆఫీసు ఈమెయిల్ ఒక కాగితం మీద రాసి క్యాలెండర్ పక్కన అంటించండి. మాటలు తగ్గడం, రాత్రిపగలు తేడా లేకుండా ఆన్‌లైన్‌లో ఉండటం, క్లాసుల ఊసే ఎత్తకపోవడం గమనించండి. ముఖ్యంగా ఒక మాట మీ నోట వాడు వినాలి: "ఏమైనా సరే నాకు చెప్పు, తిట్టను."

వరంగల్ నుంచి ఎవరికి ఫిర్యాదు చేయాలె?

విదేశంలో ఆపదకు విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. వెళ్లగానే పిల్లవాడి పేరు కూడా అందులో నమోదు చేయించండి. రాయబార కార్యాలయాల దగ్గర భారతీయ సంక్షేమ నిధి ఉంటుంది. ఆపదలో ఉన్నవాళ్లకు న్యాయసహాయం, వసతి, తిరుగు ప్రయాణం, చివరికి మృతదేహం తేవడానికీ దాన్ని అడగొచ్చు.

ఇక్కడి కన్సల్టెన్సీ మోసం చేస్తే పోలీస్ స్టేషన్‌లో చీటింగ్ కేసు, డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930. సేవాలోపానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే అక్కడే వేయొచ్చు, ఐదు లక్షల దాకా ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. అందుకే రసీదు లేకుండా పైసా ఇవ్వొద్దు.

తిరిగొచ్చేస్తనంటున్నడు. అప్పు మీదున్నది, ఊరోళ్లకు ముఖమెట్ల చూపియ్యాలె?

రానివ్వండి. వచ్చేముందు చేయాల్సినవి మాత్రం చేయమనండి. యూనివర్సిటీకి రాతపూర్వకంగా చెప్పి సెలవు తీసుకుంటే మళ్లీ చేరే దారి ఉండొచ్చు, చెప్పకుండా మానేస్తే వీసా రికార్డు పాడవుతుంది. అప్పటిదాకా వచ్చిన మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ తెచ్చుకోవాలి. రావాల్సిన జీతం, డిపాజిట్ అడిగి రావాలి. ఫీజులో ఎంత వెనక్కి వస్తుందో కనుక్కోవాలి. ఇక్కడ మీరు బ్యాంకుకు వెళ్లి, వాయిదా తప్పకముందే మేనేజర్‌తో మాట్లాడి గడువు పెంచమని అడగండి. తప్పాక అడగడం కంటే ముందే అడగడం తేలిక. బయటి వడ్డీ అప్పును ముందు తీర్చే ఏర్పాటు చూడండి, మెడకు చుట్టుకునేది అదే. ఊరివాళ్లు నాలుగు రోజులు మాట్లాడుతారు. కాజీపేటలో రైలు దిగిన రోజు స్టేషన్‌కు మీరే పోయి తీసుకురండి, ఆటోలో ఒక్కణ్నే రమ్మనకండి.